మాటకును జమాఖర్చులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



కఱవుసీమలో ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్యవిషయము కాదు. వాన తప్పిన యేట ఏ యింటిలోనైనను మొదట తగ్గు ఖర్చు పుస్తకపు ఖర్చే. అట్టిచోట ఈ దీపము ఆఱిపోకుండ కాపాడినవారందఱును అభినందనీయులు. అయితే రజతోత్సవము అభినందనలతోనే ముగియరాదు. ఇన్నియేండ్లు చదివిన చదువు నిత్యజీవితమున దేనికి అక్కఱకు వచ్చినదను ప్రశ్నయు వేసికొనవలయును. చదువుకొన్నవాడు ఇతరుల మాటకు మోసపోకుండుట యెట్లు, తన మాటతో ఇతరులను మోసగింపకుండుట యెట్లు అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

ముదిగుబ్బ సీమలో రైతు సొమ్ము మూడు విధముల పోవును. ఆకాశమువలన పోవును, అంగడివలన పోవును, మాటవలన పోవును. మొదటి రెంటిని గూర్చి ప్రతి రచ్చబండ యొద్దను మాటలు నడచును. మూడవదానిని గూర్చి ఎవ్వరును నోరెత్తరు. మోసపోయితినని చెప్పుకొనుట సిగ్గు కదా! ఒకరి మాట నమ్మి బోరు వేయించి అప్పులపాలైన కుటుంబములున్నవి. ఒకరి మాట నమ్మి కూడబెట్టినదంతయు ఊరు పేరు తెలియని కంపెనీలో పోసినవారున్నారు. ఒకరి మాట నమ్మి దారిన పోవు పరదేశిని చావగొట్టినవారును ఉన్నారు. నష్టము పొలములోనో, పెట్టెలోనో, వీధిలోనో కనబడును గాని అది పుట్టినచోటు చెవి.

లెక్క తెలిసిన యే గృహస్థుడును ఒక ప్రక్క మాత్రమే వ్రాసిన చిట్టాను అంగీకరింపడు. జమ మాత్రము చూపి ఖర్చు చూపనివానిని, “రెండవ పుట యెక్కడ?” అని వెంటనే అడుగును. ఆ గృహస్థుడే ఒక ప్రక్క మాత్రమే చెప్పిన మాటను తల యూపి నమ్మును. రూపాయలకు జమాఖర్చులున్నట్లే మాటలకును జమాఖర్చులున్నవి. మోసపుమాట అనగా పూర్తిగా అబద్ధమైన మాట అని తలపరాదు. మోసపుమాటలలో పెక్కింటియందు చెప్పినదంతయు నిజమే. చెప్పక దాచినది మాత్రమే మోసము.

ఈ యెఱుక క్రొత్తది కాదు, పరదేశపు సరకును కాదు. గౌతముని న్యాయసూత్రములలో పదునాఱు పదార్థములు చెప్పబడినవి. వానిలో కడపటి యేడు వాదము, జల్పము, వితండ, హేత్వాభాసము, ఛలము, జాతి, నిగ్రహస్థానము అనునవి. అనగా ఇంచుమించు సగము శాస్త్రము మనుష్యులు మాటలాడుకొను తీరును, అందులో దారి తప్పు తీరును గూర్చినదే. సత్యము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు మాత్రమే చేయునది జల్పము. తన పక్షమేదియో నిలుపక ఎదుటివాని పక్షమును చెఱచుటకే చేయునది వితండ. గ్రామసభలలో మూడును వినబడును. మొదటిది మిక్కిలి తక్కువగా వినబడును.

పదునేడవ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు బాలురకు సుఖముగా బోధపడుటకై తర్కసంగ్రహమను చిన్నపుస్తకమును రచించెను. నేటికిని సంస్కృతపాఠశాలలలో తర్కమునకు ఓనమాలు ఆ పుస్తకముతోనే దిద్దుదురు. తార్కికులందఱును చెప్పు పాత ఉదాహరణ మొకటి కలదు. కొండమీద పొగ కనబడుచున్నది. కావున అక్కడ నిప్పు కలదు. ఎట్లు చెప్పగలవని యడిగిన, వంటయింటిని చూపుదురు: అక్కడ పొగయు కలదు, నిప్పును కలదు. అంతటితో ఆగినచో అది సగము లెక్కయే. తార్కికులు రెండవ పుటను కూడ చూపుదురు: చెఱువునడుమ నిప్పు లేదు, పొగయు లేదు. వంటయిల్లు సపక్షము, చెఱువు విపక్షము. కలసివచ్చిన చోట్లను చూచుట యొక పుట. కలసిరాని చోట్లను వెదకుట రెండవ పుట. విపక్షమును వెదకనివాని హేతువు హేతువు కాదు, హేతువువలె కనబడునది మాత్రమే. దానినే హేత్వాభాసమందురు.

హేత్వాభాసములు ఐదు. పేర్లు కఠినముగా నున్నను వస్తువులు అందఱకును పరిచితములే.

మొదటిది సవ్యభిచారము. “ఇచ్చట పుట్ట యున్నది, కావున క్రింద నీరున్నది” అనుట యిట్టిది. నీరున్న చోటను పుట్టలున్నవి, లేని చోటను ఉన్నవి. రెండు ప్రక్కలకును పోవు హేతువు ఏ ప్రక్కకును సాక్షి కాజాలదు.

రెండవది విరుద్ధము. “ఈ కంపెనీ నెలకు నూటికి పది రూపాయలు ఇచ్చుచున్నది, కావున గట్టిది” అనుట యిట్టిది. పదినెలలలో అసలంత వడ్డీ ఏ వ్యాపారమునుండి పుట్టును? ముందు చేరినవారికి వెనుక చేరినవారి సొమ్మే వడ్డీగా పంచుచుండవచ్చును. చూపిన హేతువు గట్టితనమునకు గాక పతనమునకే గుర్తు.

మూడవది సత్ప్రతిపక్షము. ఒక పంచాంగము ఈ యేడు వానలు మెండని చెప్పినదని వాదించువానికి ఎదురుగా, మఱియొక పంచాంగము కఱవని చెప్పియున్నచో, అంతే బలముగల ఎదురు హేతువు నిలిచినట్లే. ఏ యొకటి నిర్ణయమునకు పనికిరాదు.

నాలుగవది అసిద్ధము. హేతువే నిలువదు. “సెల్‌ఫోనులో బొమ్మ వచ్చినది, కావున ఈ ప్రక్క ఊరిలో జరిగినది” అందురు. ఆ బొమ్మ ఏ దేశముదో, ఏ సంవత్సరముదో యెవ్వరును చూడరు. “నిప్పు లేనిదే పొగ రాదు” అను సామెతను ఇట్టిచోట్ల అడ్డముగా వాడుదురు. సామెత నిజమే, కాని కొండమీద కనబడినది పొగయో, తెల్లవాఱుజాము మంచో మొదట చూడవలదా?

ఐదవది బాధితము. “ఈ విత్తనము వానలేకున్నను పండును, పొట్లముమీద అట్లే అచ్చువేసినారు” అనుట యిట్టిది. ప్రక్కచేనిలో అదే విత్తనము ఎండి నిలుచుండగా అచ్చుమాట యేమి చేయును? కంటియెదుటి సాక్ష్యము ఆ హేతువును కొట్టివేయుచున్నది.

ఇక ఈ సీమలో మిక్కిలి ఖరీదైన హేత్వాభాసమును విచారింతము. అది బోరుబావికి సంబంధించినది. అనంతపురపు పీఠభూమి గ్రానైటు, నైసు జాతుల శిలలతో కూడినది. పైన పలుచని మన్ను, దాని క్రింద చివికిన రాయి, ఆ క్రింద గట్టిరాయి. నీరు చివికిన పొరలోను, గట్టిరాతి పగుళ్ళలోను మాత్రమే నిలుచును. పగులు తగిలినచో నీరు; తగులకున్నచో దుమ్ము. కావున బోరు వేయుట ఈ నేలలో జూదమువంటిదే. జూదమున్నచోట జోస్యుడు పుట్టును. వేపపుల్ల పట్టి నడచువారు, అరచేతిలో టెంకాయ నిలిపి నడచువారు చోటు చూపుదురు. వారిని నమ్మువారు చెప్పు హేతువు ఒక్కటే: “ఆయన చూపిన చోట ఫలానావారికి రెండించుల నీరు పడినది.”

ఇది జమపుట. ఖర్చుపుట ఎక్కడ? ఒక ప్రాంతమున ఎక్కడ త్రవ్వినను పదింటిలో ఆఱు బోర్లకు ఎంతోకొంత నీరు పడుననుకొందము. అచ్చట కన్నులు మూసికొని చోటు చూపినవానికిని నూటికి అఱువది ఫలించును. ఆ అఱువది కుటుంబములును ఆయన పేరు ఊరూర చెప్పును. తక్కిన నలువది కుటుంబములు అప్పును, అవమానమును మ్రింగి మౌనముగా నుండును. అడిగినను “మా అదృష్టము బాగులేదు” అనును. ఆ విధముగా జయము ఆయన ఖాతాలోను, అపజయము రైతు నుదుటను వ్రాయబడుచున్నది. ఇట్టి చిట్టాను ఏ తనిఖీదారుడు ఒప్పుకొనును?

ఆంగ్లతత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లో వెలువడిన తన నోవమ్ ఆర్గానమ్ గ్రంథమున ఒక ప్రాచీనకథను చెప్పినాడు. ఒక దేవాలయములో, మ్రొక్కుకొని ఓడప్రమాదమునుండి బ్రదికినవారి చిత్రపటములను వ్రేలాడదీసియుండిరి. వానిని చూపి, దేవతల మహిమను ఇప్పుడైనను ఒప్పుకొందువా యని యొకనిని అడిగిరి. అతడు, మ్రొక్కుకొనియు మునిగిపోయినవారి పటములెక్కడ నున్నవని తిరిగి యడిగెను. మునిగినవారు తిరిగివచ్చి పటము కట్టింపలేరు కదా! ఎండిపోయిన బోర్ల కథయు అంతియే.

ఈ చోటు చూపువిద్యను జర్మనీదేశమున మ్యూనిక్ నగరప్రాంతమున 1987–88 సంవత్సరములలో శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. సుమారు ఐదువందలమందిని చూచి, వారిలో నేర్పరులుగా తోచిన నలువదిముగ్గురిని ఏఱి, ఒక కొట్టపు క్రింది అంతస్తులో నీటిగొట్టమును ఇటునటు జరుపుచు, పై అంతస్తునుండి దాని చోటు చెప్పుడనిరి. పరీక్షలు ఎనిమిదివందలకు మించినవి. వానిలో కొద్దిమంది మాత్రము అద్భుతముగా చెప్పిరని పరీక్షించినవారు ప్రకటించిరి. 1999లో జిమ్ ఎన్‌రైట్ అను శాస్త్రజ్ఞుడు ఆ లెక్కలనే మరల విప్పి చూచి, ఆ కొద్దిమంది ఒకమాఱు చెప్పినది మఱియొకమాఱు నిలువలేదనియు, మొత్తము మీద అది గ్రుడ్డి ఊహకంటె మెఱుగు కాదనియు చూపెను. గెలిచినవారిని మాత్రము ఏఱి చూపుట పండితులకును తప్పని భ్రమయే యని దీనివలన తెలియుచున్నది.

ఇచ్చట న్యాయముగా మఱియొక మాట చెప్పవలయును. యంత్రముతో భూమిని పరీక్షించు భూగర్భశాస్త్రజ్ఞుని అంచనాయు తప్పవచ్చును. భేదము ఎక్కడనగా, ఆయన తప్పినదానిని కూడ కాగితముమీద వ్రాయవలసియుండును; వ్రాసినదానిని మఱియొకరు సరిచూడగలరు. తప్పు జరుగుట అవిద్య కాదు. తప్పును లెక్కలోనికి రానీయకుండుట అవిద్య.

బోరుతరువాత వాన. కాకి వాలినక్షణముననే తాటిపండు పడుటను పెద్దలు కాకతాళీయన్యాయమనిరి. ఒకదాని వెనుక ఒకటి జరిగినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణము కాదని దీని భావము. వానకై కప్పల పెండ్లి చేయుట, విరాటపర్వము చదివించుట తెలుగునాట పాతవాడుక. ఇవి ఊరివారిని ఒకచోట చేర్చును, కష్టకాలమున మనస్సునకు ఊఱట నిచ్చును. ఆ మేరకు మంచివే. అయితే ఈ పనులు చేయుట ఎప్పుడు? వాన రావలసిన కాలము వచ్చి, ఇంకను రానప్పుడు. ఆషాఢశ్రావణములలో కొన్నినాళ్ళు వేచియున్నచో ఎట్లును కొంత చినుకు పడును. చేసిన యేట కురియుట యొక లెక్క. చేసియు కురియకుండుట రెండవది. చేయకయు కురియుట మూడవది. చేయక, కురియకుండుట నాలుగవది. నాలుగు గళ్ళను నింపినవాడు ఎవ్వడును లేడు. అందఱకును జ్ఞాపకముండునది మొదటి గడి మాత్రమే.

చదువుకొన్నవారికిని ఈ భ్రమ తప్పదు. 2003 తరువాత కొన్నియేండ్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అనంతపురము మొదలైన కఱవుజిల్లాలలో మేఘమథనము చేయించినది. విమానమునుండి మేఘములలో లవణపుధూళి చల్లి వాన కురిపించు ప్రయత్నము అది. విమానము వచ్చిన పిమ్మట వాన పడినచో, అది విమానపు వానయే యని కొందఱు. పడకున్నచో, అంతయు దండుగయని కొందఱు. రెండును కాకతాళీయములే. మేఘమున్నప్పుడే విమానము పోవును. మేఘమున్నప్పుడు ఊరకయు వాన పడవచ్చును కదా! మఱి నిజము తెలియుట యెట్లు? పూణె నగరమందలి భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞానసంస్థవారు ఆ తరువాతి కాలమున షోలాపురము ప్రాంతమున దానికి దారి చూపిరి. తగిన మేఘములను ఎంచి, వానిలో ఏవి విత్తవలయునో ఏవి విడువవలయునో చీట్లు వేసినట్లు నిర్ణయించి, విత్తినవానిని విత్తనివానితో పోల్చిరి. తగిన మేఘములయందు వాన సుమారు నూటికి పదునెనిమిది వంతులు హెచ్చినదని 2023లో ప్రకటించిరి. మేఘము లేనిచోట ఏమియు లేదు. రెండుపుటలును వ్రాసినందువలననే ఆ మాటకు విలువ కలిగినది.

హేత్వాభాసము లెక్కలో దోషము. ఛలము పలుకులో దోషము. సంస్కృతతార్కికులు ఛలమునకు చెప్పు ఉదాహరణము ఈ గొఱ్ఱెలసీమకు తగినట్లే యున్నది. ఒకడు నవకంబళము కప్పుకొని వచ్చినాడు, అనగా క్రొత్తకంబళి. వినినవాడు, “తొమ్మిది కంబళులా? ఒక్కటియే కదా యున్నది!” అని పరిహసించినాడు. నవశబ్దమునకు క్రొత్తదనియు తొమ్మిదనియు రెండర్థములు. చెప్పినవాని తాత్పర్యమును విడిచి, మాటను పట్టుకొని వ్రేలాడుట వాక్ఛలము.

ఇది పండితుల వినోదమని త్రోసివేయరాదు. అప్పుపత్రములో ఇదే ఛలము కూర్చుండియున్నది. “బ్యాంకువారు నూటికి పండ్రెండు అడుగుచున్నారు, ఇచ్చట నూటికి రెండే” అని యొకడు చెప్పును. బ్యాంకువారి పండ్రెండు సంవత్సరమునకు. వడ్డీవ్యాపారి రెండు నెలకు. పదివేల రూపాయలకు బ్యాంకులో ఏడాదికి 1,200 రూపాయలు. ఇచ్చట నెలకు 200 చొప్పున 2,400 రూపాయలు. చెప్పిన అంకెలు రెండును నిజమే. దాచినది కాలము. “నూటికి ఎంత?” అని యడుగుటతో చాలదు, “ఎన్నాళ్ళకు?” అని కూడ అడుగవలయును. ఇంటిలోని స్త్రీలు ఈ రెండవ ప్రశ్నను నేర్చినచో ఎన్నియో యిండ్లు నిలుచును.

సగము సత్యము ఎంత ప్రమాదమో భారతము చదివినవారికి చెప్పనక్కఱలేదు. ద్రోణుని యెదుట ధర్మజుడు అశ్వత్థామ చచ్చినాడని గట్టిగా పలికి, అది ఏనుగని వినబడకుండ పలికెను. అబద్ధమాడనివాడని పేరుపడిన నోటినుండి వచ్చుటవలననే ఆ సగము మాట ఆచార్యుని ప్రాణము తీసెను. పెద్దవాడు చెప్పినాడనుట మాటకు బలమే. కాని పెద్దవాడు మొత్తము చెప్పినాడా యని చూచుట వినువాని విధి.

ఇక అసత్యమును సత్యముగా చేయు మఱియొక ఉపాయము పునరుక్తి. పంచతంత్రములోని బ్రాహ్మణుడు మేకను భుజముపై పెట్టుకొని పోవుచుండగా ముగ్గురు ధూర్తులు మూడుచోట్ల నిలిచి, అది కుక్కయని వేర్వేఱుగా చెప్పిరి. మూడవమాఱు వినగానే అతడు తన కన్నులను నమ్మక వారి నోళ్ళను నమ్మెను. ముగ్గురు సాక్షులున్నారని అతడు తలచినాడు. నిజమునకు మువ్వురి వెనుకను ఉన్న ఆలోచన యొక్కటియే. నేడు ఒకే వార్త పదిమంది పంపగా పది సాక్ష్యములని తలచువారు ఆ బ్రాహ్మణునివంటివారే.

మంచి పక్షమునకును ఈ దోషము అంటును. అనంతపురము దేశములో జైసల్మేరు తరువాత అత్యల్పవర్షము గల జిల్లా యని పుస్తకములలోను, వేదికలమీదను యెన్నోమాఱులు వినబడును. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి ముదిగుబ్బ అందులో చేరినను ఆ మాట వెంటవచ్చినది. ఉమ్మడి అనంతపురము జిల్లా సగటు వర్షము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థానములోని బీకానేరు, బార్మేరు జిల్లాల సగటు మున్నూఱు మిల్లీమీటర్లకు లోపలనే. హిమాలయముల వెనుకనున్న లేహ్ పట్టణములో నూఱుమిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే. మాట నిలువలేదు. అయినను కఱవు నిజమే. ఈ సీమ పడమటి కనుమల వాననీడలో నున్నది. నైరృతి మేఘములు ఇచ్చటికి వచ్చునప్పటికే తేలిపోవును. ఈశాన్యపు వానలు తూర్పుతీరముననే పెక్కు కురియును. వచ్చిన కొద్దివానయు అదను తప్పి వచ్చును. వేరుసెనగ ఊడలు దిగువేళ చినుకుండదు. ఇవి చాలిన హేతువులు. గట్టి పక్షమునకు పుచ్చుహేతువును కట్టినచో, ఆ హేతువు విఱిగిననాడు పక్షము కూడ విఱిగినట్లు లోకము తలచును. అందువలన ఎదుటివారి మాటకంటె స్వపక్షపు మాటను ఎక్కువ కఠినముగా తనిఖీ చేయవలయును.

ప్రచారపు ఉపాయములకు పాశ్చాత్యులును పట్టీ వ్రాసిరి. 1937లో అమెరికాలో ప్రచారవిశ్లేషణకై స్థాపింపబడిన సంస్థయొకటి ఏడు ఉపాయములను చెప్పినది. ఎదుటివానికి చెడ్డపేరు తగిలించి, అతని మాట వినకుండ చేయుట మొదటిది. ధర్మము, ప్రగతి, జాతి మొదలైన మెఱుగుమాటలతో ఆలోచనను మాన్పించుట రెండవది. జెండానో, దేవుని పటమునో ప్రక్కనుంచుకొని ఆ గౌరవమును తన సరకునకు అంటించుకొనుట మూడవది. పేరుగలవానిచేత మెప్పించుట నాలుగవది. గొంగడి కప్పుకొని, సంగటి తిని, “నేనును మీవాడనే” యనుట ఐదవది. అనుకూలమైన ముక్కలను మాత్రము పేర్చి చూపుట ఆఱవది. “అందఱును ఇటే వచ్చుచున్నారు, నీవొక్కడవే మిగిలితివి” యని త్వరపెట్టుట ఏడవది. ఎన్నికలనాడు ఈ పట్టీని చేతబట్టుకొని ఏ పక్షపు సభకైనను పోవచ్చును. అన్నియు ఒక్క పక్షమువారివే యని తోచినచో, పట్టీని సరిగా చదువలేదని గ్రహింపవలయును.

మాటవలన ప్రాణములే పోయిన కాలము దూరము లేదు. 2018 మే నెలలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని సెల్‌ఫోనులలో వాట్సాప్ ద్వారా వదంతి ప్రాకినది. తెలుగునాట బిచ్చగాండ్రు, మతి చలించినవారు, దారి తప్పినవారు దెబ్బలు తినిరి; కొందఱు మరణించిరి. 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూళే జిల్లా రాయిన్‌పాడా గ్రామమున ఐదుగురిని గ్రామస్థులు కొట్టి చంపిరి. ఆ దినములలో చేతులు మాఱిన దృశ్యములలో నొకదానియందు మోటారుసైకిలుమీద వచ్చినవారు బాలుని ఎత్తుకొనిపోవుచుందురు. అది కరాచీనగరమున పిల్లల భద్రతను బోధించుటకై తీసిన చిత్రము. దాని చివర వారే బాలుని తిరిగి తెచ్చి దింపుదురు. ఆ చివరిభాగమును ఎవ్వరో కోసివేసిరి. ఖర్చుపుటను చించివేసిన చిట్టాయే అది. ఆ చిరుగు మనుష్యుల ప్రాణములమీదికి వచ్చినది.

ఆ దినములలోనే తెలంగాణములోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి వేఱుమార్గము త్రొక్కిరి. ప్రతి గ్రామమునకు ఒక పోలీసు ఉద్యోగిని ఏర్పఱచి, ఇంటింటికి పంపి, డప్పుతోను పాటతోను ఆ దృశ్యములు కల్పితములని చెప్పించిరి. అచ్చట ఈ వదంతివలన ప్రాణనష్టము జరుగలేదని పత్రికలు వ్రాసినవి. వదంతిని ఆపినది లాఠీ కాదు; తెలిసిన ముఖము, నిదానమైన మాట.

ఈ విద్యకును ఒక విషమున్నది. హేత్వాభాసముల పేర్లు నేర్చిన పడుచువాడు తండ్రి నోరు మూయించుటకు, ప్రక్కింటివారిని నలుగురిలో నవ్వించుటకు దానిని వాడవచ్చును. అది వితండ. హేతువు చెడినంతమాత్రమున సాధ్యము చెడదు. పుట్టను చూచి నీరున్నదన్నవాని హేతువు తప్పు. అయినను ఆ చోట నీరుండవచ్చును. “మీ మాట అబద్ధము” అనుటకంటె “మీ మాటకు ఇంకొక సాక్ష్యము కావలయును” అనుట న్యాయము. అది వినువానికిని గౌరవము. తప్పిన మనిషి ఊరిలోనే బ్రదుకవలయును గదా. తిరిగివచ్చుటకు ఆతనికొక వాకిలి తెఱచియుంచవలయును.

వినిన మాటను నమ్ముటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొన్న చాలును. ఇది ఎవరికి ఎట్లు తెలిసినది? ఇట్లు కాని సందర్భములెన్ని, వానిని లెక్కించినవారెవరు? ఇందులో చెప్పక విడిచినదేమి? తొందరపెట్టుచున్నవారికి ఇందువలన కలుగు లాభమేమి? ఈ నాలుగింటికి సమాధానము దొరకువఱకు సంతకము చేయరాదు, సొమ్ము చెల్లింపరాదు, చేయి యెత్తరాదు, వార్తను మఱియొకరికి పంపరాదు.

చివరకు ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. పుస్తకములు కొనుటతోపాటు ఒక పుస్తకమును వ్రాయుటయు ఈ యేడు ఆరంభింపవలయును. దొడ్డబైండు పుస్తకమొకటి బల్లమీద నుంచి, ఈ చుట్టుపట్ల క్రొత్తగా వేయు ప్రతి బోరును అందులో నమోదు చేయవలయును. రైతు పేరు వ్రాయనక్కఱలేదు. పొలమున్న ప్రక్క, చోటు ఎట్లు ఎంచబడినది, వేపపుల్లయా, టెంకాయయా, యంత్రమా, రైతు సొంత ఊహయా, ఎన్ని అడుగుల లోతు, నీరు పడినదా లేదా, ఎంత ఖర్చు, రెండేండ్ల తరువాత ఆ నీరు నిలిచినదా అను వివరములు చాలును. ఎండినదానిని పడినదానితో సమానముగా వ్రాయవలయును. అదియే ఈ పుస్తకమునకు ప్రాణము. 2002 సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము బోరునకు అనుమతి పొందవలసియే యున్నది. అనుమతికై కాగితము వ్రాయువాడు ఇచ్చట నాలుగు పంక్తులు వ్రాయుట బరువు కాదు.

పదియేండ్లు ఈ పుస్తకము నడచినచో, ఎవరి మాటకు ఎంత విలువ యో వాదము లేకుండ తెలియును. వేపపుల్లయే గెలిచినచో సంతోషముగా దానినే నమ్మవచ్చును. యంత్రమే గెలిచినచో ఆ దారిని పోవచ్చును. ఏదియు గెలువకున్నచో, పాతాళము వెదకుట మాని, పడిన చినుకును చెఱువులోను కుంటలోను నిలుపుకొనుట మేలని తెలియును. ఏది తేలినను ఒక రైతుబిడ్డ అప్పు చేయుటకు ముందు ఇచ్చటికి వచ్చి, రెండుపుటలును చూచి పోవును. స్వర్ణోత్సవమునాటికి ఈ బీరువాలలోని పుస్తకములన్నింటిలో ఎక్కువగా నలిగిన పుస్తకము అదియే కావలయును.